ఆడపూల తోట

పొద్దున్నుంచి ఏదో ఇంజను చప్పుడు వినబడుతూనే ఉంది. వేసవి అతిథులు దిగేలోగా ఆ దీవి ఊరు లుంబార్దాలో ఎవరో ఒకరు గది మీద గది వేస్తూనే ఉంటారు కనక దింకా పట్టించుకోలేదు. కాఫీ గిన్నె కడిగి బోర్లిస్తుండగా ఫెళ్ళుమని ఏదో విరిగిన చప్పుడు వచ్చింది. వెంటనే ఇంకోటి. అది ఇల్లు కట్టే చప్పుడు కాదు. తడిచేతులతోనే తోటకి పరిగెత్తింది.

మోకాలెత్తు రాతిగోడకి అవతల పొక్లెయిన్ నిలబడి ఉంది. దాని పళ్ళు ఇసుకలోకి దిగుతున్నాయి. ఒక ద్రాక్ష మొదలుని చుట్టుపక్కల ఇసుకతో సహా పైకెత్తి, దులిపి, పక్కన కుప్పలో పడేస్తున్నాయి. వేళ్ళు తెల్లగా వేలాడుతున్నాయి. ప్లావట్స్ జాతి ద్రాక్ష వరసల్లో సగం అప్పటికే లేవు.

"ఆపు! ఆపవయ్యా!" దింకా గోడ దాటి వెళ్ళి తొట్టెకి ఎదురుగా నిలబడింది.

డ్రైవరు ఇంజను ఆపి తల బయటపెట్టాడు. "ఏమ్మా, కింద పైపేమైనా తగిలిందా?"

"ఎవరు పీకమన్నారు?"

"స్థలం గలాయన. కార్లు పెట్టుకోడానికి చదును చెయ్యమన్నాడు. నాకేం తెలుసు? చెయ్యమన్నారు, చేస్తున్నా." అతను సిగరెట్టు వెలిగించాడు.

స్థలం గలాయన ప్రోష్పెర్. దింకా భర్త కుజ్మాకి చిన్నాన్న కొడుకు. ఇంటిచెప్పులతోనే, ఫోను చేత్తో పట్టుకుని తాపీగా నడిచొచ్చాడు.

"ఏంటి వదినా, బండి కింద పడతావా ఏంటి పొద్దున్నే?"

"ఇంకో నాలుగు రోజుల్లో పూత విచ్చుకుంటుందిరా. ఇప్పుడా పీకేది?"

"మరెప్పుడు? వచ్చే నెల గదులన్నీ నిండిపోయాయి. కార్లు నా నెత్తిన పెట్టుకోనా?"

"నా గ్రక్ ఏం కావాలి?"

"నీ గ్రక్ జోలికి నేనొచ్చానా? గోడకి ఇవతలున్నవి నావి. నావే పీకించుకుంటున్నాను."

మాట సరైనదే. దింకాకి ఒళ్ళు మండింది కూడా అందుకే. గ్రక్ అనే ద్రాక్ష చెట్టుకి పూసేవన్నీ ఆడపూలే. పక్కన ఇంకో జాతి పుప్పొడి అందితేనే పిందె పడుతుంది, లేకపోతే గుత్తికి చిల్లరగింజలు మిగులుతాయి. అందుకే ఊళ్ళో ప్రతి గ్రక్ తోట పక్కనా నాలుగైదు వరసల ప్లావట్స్ ఉంటుంది. ఈ తోట కూడా ఒకప్పుడు అలా ఒకటే. కుజ్మా తండ్రీ ఆయన తమ్ముడూ పంచుకున్నప్పుడు పెద్దాయనకి గ్రక్, చిన్నాయనకి ప్లావట్స్ వచ్చాయి. మధ్యలో గోడ కట్టారు. గాలి గోడని లెక్కచెయ్యదు కదా అని ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. మిగిలిన మూడు వైపులా ఇప్పుడు మేడలే.

"గాలి తెస్తుందిలే వదినా, ఎక్కణ్ణుంచో ఒకచోట్నుంచి. ఊరంతా ప్లావట్సే కదా," అని ప్రోష్పెర్ డ్రైవరుకి సైగ చేశాడు. ఇంజను మళ్ళీ మొదలైంది. తొట్టె తన పక్కనుంచి పోతుంటే దింకా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు ఎందుకు వేశానా అని తర్వాత రోజంతా తిట్టుకుంది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి కుజ్మా ఇంటికొచ్చాడు. దొమించె రేవు నుంచి ఎదుటి ఒడ్డున ఒరెబిచ్‌కి పోయే పంటు మీద బళ్ళు ఎక్కించి దించే పని అతనిది. నారింజరంగు చొక్కా విప్పి కుర్చీకి తగిలించాడు. అప్పటికే అంతా విన్నట్టున్నాడు.

"వెళ్ళి మాట్లాడు," అంది దింకా.

"ఏం మాట్లాడను? పీకినవి మళ్ళీ పాతుతాడా?"

"పాతడు. కనీసం మొహం మీద అడుగు. నీ తమ్ముడేగా."

కుజ్మా రొట్టెముక్కతో ఉప్పుచేపల నూనె తుడుచుకుని తిన్నాడు. కిటికీలోంచి కుప్ప కేసి చూశాడు. "ఆ కుప్పలో కొమ్మలకి మొగ్గలున్నాయి. కోసుకొచ్చి బకెట్లలో పెడితే నీళ్ళు తాగి విచ్చుకుంటాయేమో. నాలుగు రోజులైనా పుప్పొడి ఇస్తాయి."

"వాడు పీకి పారేసిన చెత్త నేను ఏరుకోవాలా? వాడూ వాడి పెళ్ళాం మేడమీంచి చూస్తుండగా?"

"చూస్తే చూడనీ."

"నీకు సిగ్గు లేకపోతే పోనీ. నాకుంది."

కుజ్మా తన పళ్ళెం తీశాడు. అతను ఎప్పుడూ అంతే. గొడవ వస్తుంటే ముందే లేచి చేతులు కడుక్కుంటాడు.

మర్నాడు దింకా ఫిర్యాదు చేద్దామని కోర్చులా పట్నానికి వెళ్ళింది. ఒక ఆఫీసులో పని తమది కాదని ఇంకో ఆఫీసుకి పంపారు. అక్కడ తలుపు తాళం వేసి ఉంది. మెట్ల మీద కూచుంటే, కాఫీ తాగి వచ్చిన పెద్దమనిషి తలుపు తీసి, ఆమె చెప్పిందంతా చేతులు కట్టుకుని విన్నాడు.

"స్థలం ఆయనదే కదా?"

"ఆయనదే."

"చెట్లూ ఆయనవే?"

"ఆయనవే. కానీ నా చెట్లు వాటి మీదే బతుకుతాయండీ."

"అర్థమైందమ్మా. కానీ పుప్పొడి మీద హక్కు అంటూ ఏ చట్టంలోనూ లేదు." ఆయనకి తన మాట నచ్చినట్టుంది, చిన్నగా నవ్వాడు. "మీరే ఓ రెండు వరసలు వేసుకోండి."

"వేస్తే పూతకి రావడానికి మూడేళ్ళు."

"మరి ఎప్పుడో ఒకప్పుడు వెయ్యాలిగా." తలుపు దాకా వచ్చి సాగనంపుతూ అన్నాడు, "మీది లుంబార్దా గ్రక్ కదూ? ఈ ఏడు వైన్ నాకో రెండు సీసాలు ఉంచాలి సుమా. మా అల్లుడికి మహా ఇష్టం."

దింకా మెట్లు దిగింది. దిగేదాకా పళ్ళు బిగించే ఉంది. ఆ మూడేళ్ళ మాట ఇరవయ్యేళ్ళ కిందటే తనకి తట్టి ఉండాల్సింది. ప్రతి ఏడూ గోడ అవతల పూత కనబడుతుండేది కదా, తట్టలేదు.

దార్లో ఊళ్ళో ఇద్దరు ముగ్గురి తోటల దగ్గర ఆగింది. అందరూ అయ్యో అన్నవాళ్ళే. "ప్రోష్పెర్ అంతేలే" అన్నవాళ్ళే. పూలకొమ్మల మాట ఎత్తేసరికి ఒక్కొక్కరూ తమ ప్లావట్స్ వరసల కేసి చూసుకున్నారు. "ఉన్నవే నాలుగు వరసలు దింకా. మాకే సరిపోవు." అదీ నిజమే. తన దగ్గరికి ఎవరైనా వచ్చి అడిగితే తనూ అదే అనేది.

ఊరి మలుపు తిరిగేసరికి పొగ కనబడింది. దింకా బండిని రోడ్డు పక్కన అడ్డదిడ్డంగా వదిలేసి నడిచింది. కుప్ప కాలుతోంది. పచ్చికొమ్మలు తొందరగా అంటుకోక, తెల్లటి పొగ చిమ్ముతూ చిటపటమంటున్నాయి. ప్రోష్పెర్ పారతో అంచులు లోపలికి తోస్తున్నాడు.

చివరి కొమ్మలు ముడుచుకుపోతుంటే వాటికి అంటుకున్న మొగ్గల గుత్తులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నిన్న ఇవన్నీ తన చేతికందే దూరంలో ఉన్నాయి. నిన్న తనకి సిగ్గేసింది.

"నా మొహం చూసి అయినా ఒక్కరోజు ఆగలేకపోయావా?" అంది.

ప్రోష్పెర్ పార ఆనించి నిలబడ్డాడు. ఈసారి వెటకారం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "వదినా, ఏదో నేను రాత్రికి రాత్రి దొంగతనం చేసినట్టు మాట్లాడతావేంటి? చలికాలంలోనే కుజ్మాని అడిగా. పేకాట దగ్గర, నలుగురి ముందూ. 'అన్నయ్యా, ప్లావట్స్ తీసేద్దామనుకుంటున్నా, నీకేమైనా ఇబ్బందా' అని. 'నీ ఇష్టంరా, తీసేసుకో' అన్నాడు. అన్నయ్య వద్దంటే మానేద్దును."

పొగ అటు తిరిగింది. దింకా కళ్ళు తుడుచుకుంది. ప్రోష్పెర్‌కి పొగవల్లే అనిపించి ఉంటుంది.

ఆ సాయంత్రం బంగాళాదుంపలు, ఆకుకూర ఉడకేసి, నూనె పోసి, కుజ్మా ముందు పళ్ళెం పెట్టింది. తన పళ్ళెం పెట్టుకోలేదు. ఎదురుగా నిలబడింది.

"చలికాలంలో అడిగాడట."

కుజ్మా చెంచా పళ్ళెంలో ఆగిపోయింది.

"అడిగాడా లేదా?"

"అడిగాడు."

"తీసేసుకో అన్నావా?"

"అందరూ ఉన్నారు దింకా. చిన్నప్పట్నుంచి తెలిసినవాడు, మంచిగా అడిగాడు. వద్దంటే ఏమనుకుంటాడో అని..."

"వాడేమనుకుంటాడో అనా! నేనేమనుకుంటానో అని లేదా?"

"నీతో చెప్దామనే అనుకున్నా. రోజూ అనుకున్నా. నువ్వు కొమ్మలు కత్తిరిస్తుండేదానివి, మందు కొడుతుండేదానివి. రేపు చెప్దాంలే, రేపు చెప్దాంలే అని..." చేతులు బల్ల మీద పరిచి వాటికేసి చూసుకున్నాడు. "వాడు చెయ్యడులే అనుకున్నా."

"ఇన్నేళ్ళలో నువ్వెవరికైనా ఒక్కసారి వద్దన్నావా కుజ్మా? నా తరఫున ఒక్కసారి?"

ప్రోష్పెర్ మీద కోపమైతే గోడ అవతల ఉండేది. ఇది పళ్ళెం అవతలే ఉంది. దాన్నేం చెయ్యాలో దింకాకి తెలియలేదు. ఆ రోజునుంచి అతనితో మాట్లాడ్డం మానేసింది.

రెండోనాటి పొద్దున్న తోటకి వెళ్తే వాసన తగిలింది. గ్రక్ పూత విచ్చుకుంటోంది. మొగ్గల మీది ఆవగింజంత పచ్చటి మూతలు ఆకుల మీద, ఇసుక మీద రాలి ఉన్నాయి. మామూలు ఏడైతే ఈ వాసనకి కాసేపు అలాగే నిలబడేది. ఇవాళ గోడ అవతల చదునుచేసిన కంకర కనబడింది. వెంటనే వెనక్కి తిరిగి, ఇంట్లో ఉన్న బకెట్లన్నీ, గోనెసంచులు, కత్తెర బండిలో పడేసి రేవుకి బయల్దేరింది.

పంటు మీద కుజ్మాయే ఉన్నాడు. ఆమె బండిని చూసి ఒక క్షణం చెయ్యి గాల్లో ఆగింది. తర్వాత అందరికీ చేసినట్టే చేశాడు. ముందుకు, ముందుకు, ఎడమకి, చాలు. అరచెయ్యి అడ్డంపెట్టాడు. దింకా అద్దంలోంచి ఆ చెయ్యి మాత్రమే చూసి బ్రేకు తొక్కింది. అతను బకెట్ల కేసి చూశాడు. తర్వాతి బండి దగ్గరికి వెళ్ళాడు.

ఒరెబిచ్ దాటాక పోస్తుప్ వాలు మొదలవుతుంది. కొండ నేరుగా సముద్రంలోకి దిగుతుంది. మట్టి కంటే రాయే ఎక్కువ. పైనుంచి ఎండ, కింద నీళ్ళమీంచి తిరిగొచ్చే ఎండ, పక్కనుంచి రాళ్ళ వేడి. ప్లావట్స్ ఇక్కడ లుంబార్దాలో లాగా వేరే చెట్టుకి తోడుగా నాటింది కాదు. కొండంతా దానిదే. ఒక మడిలో, నెత్తికి తెల్లగుడ్డ కట్టుకున్న ముసలావిడ బోర్లించిన డబ్బా మీద కూర్చుని కొమ్మలు కడుతోంది. ఆవిడ పేరు ఫిలొమెనా. దింకా పేరు చెప్పుకుని, వచ్చిన పని చెప్పింది.

"పూలకొమ్మలా?" ఫిలొమెనా దారాన్ని పళ్ళతో తెంపింది. "నువ్వు పట్టుకెళ్ళే ఒక్కో పువ్వూ నాకు ఒక్కో గుత్తి, తెలుసా?"

"తెలుసు పిన్నీ."

"తెలిసీ అడుగుతున్నావంటే గట్టిదానివే. మీ ఊళ్ళో మగచెట్లన్నీ ఏమయ్యాయి? మీ మగాళ్ళలాగా అవీ పని వెతుక్కుంటూ జర్మనీ పోయాయా?"

దింకాకి నవ్వు రాలేదు. ఏం జరిగిందో చెప్పింది. ప్రోష్పెర్ గురించి చెప్పింది, కుప్ప కాల్చడం చెప్పింది. చెప్పకూడదనుకున్న కుజ్మా సంగతి కూడా చెప్పేసింది. చెప్తూ చెప్తూ, ఎదురుగా ఉన్న చెట్టు అడుగున మొలిచిన పిలకలు అలవాటుగా గిల్లేస్తోంది.

ఫిలొమెనా ఆ చేతుల్నే చూస్తోంది. "నా ముసలాడు దానికి తలకిందులు. లోకంలో అందరికీ వద్దనేవాడు. అదీ సుఖం కాదులే." మోకాలి మీద చెయ్యి వేసి లేవబోయి మళ్ళీ కూలబడింది. "అదిగో, పైన మూడు మళ్ళు కనబడుతున్నాయా? వాటిల్లో అదనపు కొమ్మలు తీయలేదు. ఈ మోకాళ్ళు ఎక్కనివ్వట్లా. ఎలాగూ పీకి పారెయ్యాల్సినవే, వాటికీ పూత ఉంటుంది. మొత్తం తీసిపెట్టు. తీసినవన్నీ నీవే. కానీ ఒక్క మంచి కొమ్మ తెగిందో, ఆ బకెట్లు కొండమీంచి దొర్లిస్తా."

దింకా పైకెక్కింది. ప్రతి మొదలు దగ్గరా వంగాలి. ఒకే కణుపు నుంచి రెండు మొలిస్తే బలహీనమైనది ఎంచాలి, బొటనవేలితో వెనక్కి విరవాలి, తడిగోనె కింద పెట్టాలి, మళ్ళీ తర్వాతి చెట్టు. వాలు మీద ఒక కాలు ఎప్పుడూ పైనే ఉంటుంది. నడుం ఒకవైపే లాగేసింది. రాళ్ళు అరికాళ్ళ కింద జారి కింది మళ్ళలో పడుతుంటే ఫిలొమెనా అక్కణ్ణుంచే తిట్టింది. మధ్యలో ఒకసారి నీళ్ళు కలిపిన వైన్, రొట్టె, ఎండు అత్తిపళ్ళు తువ్వాల్లో కట్టి గోడ మీద పెట్టింది. దింకా నిలబడే తింది. పొద్దు వాలేసరికి బకెట్లన్నీ నిండాయి. కొన్ని గుత్తులు అప్పుడే విచ్చుకుని, వేలితో తడితే పసుప్పచ్చటి పొడి రాల్తోంది.

ఫిలొమెనా పైకి చూసి వరసలన్నీ ఒకసారి పరికించింది. "ఊఁ" అంది. ఆవిడ మెచ్చుకోవడం అంతేనని దింకాకి అర్థమైంది.

తిరుగు పంటు మీద ఇనుపనేల ఇంకా కాలిపోతోంది. బండి లోపల బకెట్లు ఉడికిపోతాయని దింకా దిగి తలుపులు తెరుస్తుండగానే కుజ్మా వచ్చాడు. మాట్లాడకుండా రెండేసి బకెట్లు అందుకుని, పనివాళ్ళ గది వెనక నీడలోకి చేరవేశాడు. తర్వాత గొట్టం లాక్కొచ్చాడు.

"ఉప్పునీళ్ళు కాదుగా?" దింకా నోట్లోంచి వచ్చేసింది.

"తాగేవే." గోనెలు నెమ్మదిగా తడిపాడు. నీళ్ళు పూల మీద పడకుండా గొట్టం చివర అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఒడ్డు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతుంటే రెండో కుర్రాణ్ణి చూసుకోమన్నాడు.

మర్నాడు పొద్దున్న పుప్పొడి అద్దడం మొదలైంది. మంచు ఆరాక, ఎండ ముదరకముందు చెయ్యాల్సిన పని అది. ప్లావట్స్ కొమ్మ పట్టుకుని గ్రక్ గుత్తి మీద ఆనించి దులపాలి. పొడి రాలాలి, పువ్వు నలగకూడదు. దింకా పై వరస మొదటి చెట్టు నుంచి మొదలుపెట్టింది. చెట్లేమో వందలు, కొమ్మలేమో బకెట్లలో ఉన్నవే. చెయ్యి త్వరపడింది. ప్రతి దులుపులోనూ ప్రోష్పెర్, ఆఫీసు పెద్దమనిషి, పేకాట బల్ల గుర్తొచ్చాయి. కొమ్మతో గుత్తుల్ని ఒకరకంగా కొడుతూనే పోయింది.

ఎవరో దగ్గారు. కింది వరస చివర కుజ్మా ఉన్నాడు. డ్యూటీ మార్చుకుని వచ్చినట్టున్నాడు, చొక్కా కూడా విప్పలేదు. ఒక్కో గుత్తినీ ఎడం అరచేతిలోకి తీసుకుని, దాని మీద పూలకొమ్మ పెట్టి, చూపుడువేలితో టక్ టక్‌మని తట్టి, గుత్తి తిప్పి మళ్ళీ తడుతున్నాడు. నత్తనడక. ఇలాగైతే సాయంత్రానికి ఒక్క వరసైనా అవదు. దింకాకి అరవాలనిపించింది. అరిస్తే మాట్లాడినట్టవుతుందని ఊరుకుంది.

మూడోరోజు పొద్దున్న ప్రోష్పెర్ గోడ దగ్గరికి వచ్చాడు. "ఏంటన్నయ్యా, చెట్లకి పెళ్ళి చేస్తున్నారట! భోజనాలెప్పుడు?"

కుజ్మా గుత్తి వదల్లేదు. "చెప్పు."

"ఏం లేదు. అక్కడ కాంక్రీటు పోయిస్తున్నా. ఆరేదాకా ఓ వారం రోజులు మా అతిథుల కార్లు మీ గట్టు మీదుగా పోనియ్యి. ఆ చివర నాలుగు చెట్లు కొంచెం వంచి కట్టుకుంటే చాలు."

దింకా కొమ్మ దించింది. కుజ్మా వీపు మాత్రమే కనబడుతోంది. అతను చేతిలోని గుత్తికి చెయ్యాల్సిన తట్లు తట్టి, వదిలి, నిలబడ్డాడు.

"వద్దురా."

ప్రోష్పెర్ నవ్వాడు. "వారం రోజులేనయ్యా."

"వద్దన్నాను." గొంతు పెద్దది చెయ్యలేదు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. ప్రోష్పెర్ దింకా కేసి చూశాడు, ఆమె ఏదో నేర్పించిందన్నట్టు. ఆమె తల తిప్పుకుంది. "సరే సరే, మంచిది, గుర్తుంటుందిలే," అంటూ వెళ్ళిపోయాడు.

కుజ్మా తర్వాతి గుత్తి పట్టుకోడానికి రెండుసార్లు తడుముకున్నాడు. దింకా మళ్ళీ కొమ్మ ఎత్తింది. ఇన్నేళ్ళ తర్వాత అన్న ఆ ఒక్క మాట కార్ల కోసం ఖర్చయిందే అని ఆమెకి ఉక్రోషంగానే ఉంది. అదే మాట చలికాలంలో అని ఉంటే ఈ బకెట్లే ఉండేవి కావు.

కొమ్మలు వాడిపోయేలోగా తోటలో సగానికి పైగా అయింది. మిగతా సగం గాలికి వదిలేశారు.

పూత రాలి, ఎండలు బాగా ముదిరాక, ఒకరోజు పొద్దున్న దింకా వరసవరసా చూసుకుంటూ వెళ్ళింది. గాలికి వదిలేసిన సగంలో గుత్తికి ఏడెనిమిది పిందెలు, మిగతావి ఆవాల్లాంటి చిల్లర. అది అనుకున్నదే. పై వరసల దగ్గరికి వచ్చింది. ఇవి తను చేసినవి. మొదటి గుత్తి ఎత్తి చూసింది. రెండోది చూసింది. చాలాచోట్ల కాడలు ఎండి ఉన్నాయి. పట్టినవీ అక్కడక్కడే. నలిగిన పువ్వు పిందె కట్టదు. ఆ సంగతి తనకి తెలియంది కాదు.

కింది వరసలకి దిగింది. కుజ్మా చేసినవి. ఆకు పక్కకి తీసింది. గుత్తి నిండా బఠాణీగింజల్లా పిందెలు, ఒకదానికొకటి ఆనుకుని, గట్టిగా. ఇంకో ఆకు తీసింది. అదీ అంతే. వరస చివరిదాకా నడిచింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని చూసింది. దొరకలేదు. ఆమెకి ఎంత కోపం వచ్చిందంటే అక్కడే ఇసుకలో కూలబడింది.

కుజ్మా అంటుకత్తి, గుడ్డపీలికలు పట్టుకుని వచ్చాడు. ఇకమీదట పుప్పొడి కోసం రెండు వరసల గ్రక్ నరికి, ఆ మొదళ్ళ మీద ప్లావట్స్ అంటు కట్టాలని ఇద్దరిలో ఎవరూ ఇంకొకరితో అనలేదు. ఫిలొమెనా దగ్గర్నుంచి పచ్చి కొమ్మలు తేవడానికి మర్నాడు పోస్తుప్ వెళ్ళాలని మాత్రం ఇద్దరికీ తెలుసు.

"ఇవి రెండూ తీసేద్దాం," అన్నాడు కుజ్మా, తన వరసలు చూపించి. "తప్పు నాది. నావే పోనీ." వంగి, మొదటి చెట్టు మొదలుకి నరకాలన్న గుర్తుగా పీలిక చుట్టబోయాడు.

"కళ్ళు కనబడట్లేదా నీకు?" దింకా లేచి ఆ పీలిక అతని చేతిలోంచి లాక్కుంది. "పట్టినవి ఎవరైనా నరుకుతారా?"

లంగాకి అంటుకున్న ఇసుక దులుపుకుంది. పై వరసల దాకా నడిచి, తను అందరికంటే ముందు మొదలుపెట్టిన చెట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. మొదలు చుట్టూ పీలిక తిప్పి ముడి బిగించింది. కుజ్మా కొంచెం దూరంలోనే ఆగిపోయాడు, రావచ్చో లేదో తెలియనట్టు.

"ఇంకోటియ్యి," అంది దింకా, వెనక్కి చూడకుండా చెయ్యి చాపి.